నల్లబల్ల మీద రోలాండ్ పేరు

“సోమవారం సరికి సరి. ఇవాళ ఒకటికి మూడు. మూడు రోజుల్లో నీ కొడుక్కి చేతులు పడిపోయాయా, హ్యూబర్ట్?”

మా మరదలు ఐవీ ఈ మాట అన్నది మేడ మీద ఇంట్లో కాదు. గురువారం మధ్యాహ్నం, కింద పందెం దుకాణం నడిమధ్యన, ముగ్గురు మనుషుల ముందు, చేతిలో గరిటెతో నిలబడి అంది. దుకాణం తెరిచి పన్నెండేళ్ళయింది. ఆవిడ మెట్లు దిగి ఇందులో అడుగుపెట్టడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఎవరిదో చావు కబురు చెప్పడానికే వచ్చింది.

మా తమ్ముడు హ్యూబర్ట్ నల్లబల్ల ముందు చిన్న నిచ్చెన ఎక్కి ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. “పైకి వెళ్ళు ఐవీ” అన్నాడు, బల్లతో చెప్పినట్టు.

“వెళ్ళను. రొట్టెల కొట్లో మాల్కిన్ వాళ్ళమ్మ నన్ను చూసి జాలిపడింది. నన్ను చూసి! ‘పాపం, మీ ఆయనక్కూడా మా ట్రెవర్ మీదే నమ్మకం అట గదా’ అంది. ఆ మాట కూడా రొట్టెతోపాటు పొట్లం కట్టించుకుని వచ్చాను.”

“బల్ల మీద నేను కొడుకుల్ని రాయను. కార్లు నడిపేవాళ్ళని రాస్తాను.”

“పదకొండేళ్ళ నుంచి అదే పాట. వాడు మొదటి కారు కొనుక్కున్న ఏడు ఒకటికి వంద రాశావు. కన్నతండ్రివి! ఒకటికి వంద!”

అది సరైన రేటే. ఆ ఏడు రోలాండ్ పదకొండోవాడుగా వచ్చాడు. కానీ భోజనాల బల్ల దగ్గర సరైన రేటు ఎవరిక్కావాలి?

మూలన గుర్రాల పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న ముసలి సిరిల్ టెబ్బట్ గొంతు సవరించుకున్నాడు. “ఐవీ, తల్లీ, నేను సోమవారం మీవాడి మీద రెండు పౌన్లు పెట్టాను. గెలిస్తే రెండే వస్తాయి. ఇవాళ పెట్టినవాడికి ఆరు. ఇది నాకు మాత్రం న్యాయమా చెప్పు?”

“నువ్వు నోరుమూసుకో సిరిల్” అన్నాం నేనూ ఐవీ ఒకేసారి.

రేటు పెరగడమంటే నమ్మకం తగ్గడం. ఐవీ పందేలు కట్టించుకునేవాడి పెళ్ళాం, ఆవిడకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. శనివారం మా ఊరి శివార్లలో, పాత యుద్ధవిమానాల మైదానంలో, ఈ ఏటికి ఆఖరి కార్ల పోటీ. రోలాండ్‌కి ట్రెవర్ మాల్కిన్ కన్నా రెండు పాయింట్లు ఎక్కువున్నాయి. శనివారం మాల్కిన్‌కి ముందు గీత దాటితే చాలు, మిడ్‌లాండ్ చాంపియన్ మావాడే. చాంపియన్‌కి వచ్చే ఏడు పెద్ద జట్టులో చోటు, నెలనెలా జీతం. గ్యారేజీలో ఊళ్ళోవాళ్ళ కార్ల కింద పడుకునే ఇరవై తొమ్మిదేళ్ళవాడికి ఇలాంటిది మళ్ళీ రాదు.

సోమవారం హ్యూబర్ట్ బల్ల మీద ‘రోలాండ్ పెటిఫర్, సరికి సరి’ అని రాశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి కొడుకు పేరు అందరికన్నా పైన రాశాడు. ఆ సాయంత్రం దుకాణం కట్టేసే వేళకి రోలాండ్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా, టోపీ తీసి ఆ గీతల వంకే చూస్తూ నిలబడ్డాడు. “ఏం కావాలిరా?” అని అడిగాను. “ఏం లేదత్తా, ఊరికే” అన్నాడు. చర్చిలో కూడా వాడు అంత బుద్ధిగా నిలబడ్డం నేను చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం హ్యూబర్ట్ ఆ రాత చెరిపేసి ‘ఒకటికి మూడు’ రాశాడు. మాల్కిన్ పేరు పైకెక్కింది. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు.

ఎందుకో నాకు తెలుసు. తెలిసి రెండు రోజులు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నాను, అందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

మా ఊళ్ళో కార్లు నడిపేవాళ్ళ భార్యలకి ఒక అలవాటుంది. ఆఖరి పోటీ వారంలో ప్రతి ఆడదీ వచ్చి, తన మొగుడికి పోటీగా ఎవడున్నాడో వాడి మీద యాభై పెన్నీలు పెట్టి పోతుంది. దాన్ని ఏడుపు చీటీ అంటారు. మొగుడు గెలిస్తే ఆ చీటీ చింపి వాడి తల మీద పోస్తుంది. ఓడితే ఆ డబ్బుతో దారిలో వేయించిన చేపలు కొని, ముద్ద దిగని మొగుడి నోట్లో పెడుతుంది. ఇందులో దాపరికం లేదు. నవ్వుతూ రాస్తారు, నేను నవ్వుతూ ముద్ర వేస్తాను.

మా కోడలు, రోలాండ్ పెళ్ళాం బెరిల్ కూడా సోమవారం వచ్చి యాభై పెన్నీల చీటీ రాసింది. “ఈసారి దీన్ని చింపే అదృష్టం ఉందంటావా?” అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఇంట్లో పాప దగ్గుతోంది కాబోలు అనుకున్నాను.

మంగళవారం పాలాయన ఒక చీటీ తెచ్చాడు. మాల్కిన్ మీద పది పౌన్లు. గంట తర్వాత మూల కొట్టు మిసెస్ డంక్లీ ఒకటి తెచ్చింది, అదీ మాల్కిన్ మీద పదే. బుధవారం పొద్దున్న మా చర్చిలో ఆర్గాన్ వాయించే మిస్ గాట్, జన్మలో పందెం కాయని మనిషి, చేతి తొడుగులు తియ్యకుండా ఇంకోటి నేను కూర్చునే గల్లా గూట్లోకి తోసి, దేవుడు చూశాడేమో అన్నట్టు చుట్టూ చూసి వెళ్ళిపోయింది.

ముగ్గురు మనుషులు తెచ్చారు గానీ రాత ఒకటే. మాల్కిన్ కారు నంబరు ఇరవై ఏడు. మూడు చీటీల్లోనూ ఏడు అంకెకి నడుముకి అడ్డగీత ఉంది. బూట్ల ఫ్యాక్టరీలో ఒకటికీ ఏడుకీ పొరపాటు రాకుండా అలా గీత పెట్టడం నేర్పుతారు. బెరిల్ పదహారో ఏటి నుంచి అక్కడ పైతోలు కుట్టే పనిలో ఉంది. వారానికి పదహారు పౌన్లు ఆ పిల్ల జీతం. ముప్ఫై పౌన్లు మొగుడు ఓడిపోతాడని పెట్టిందంటే, ఆ ఇంట్లో ఏదో జరిగింది.

నేను చీటీలు ముద్ర వేసి తీగకి గుచ్చాను. అదే పూట హ్యూబర్ట్ వాటిని తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూశాడు. నా వంక చూశాడు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. మా ఇద్దరి మధ్యా అంతే జరిగింది. మేం పెటిఫర్లం, అడగవలసింది అడగడం మా రక్తంలో లేదు. మనిషి ముఖం చూడకుండా వాడి చీటీ చూసి సంగతి కనిపెట్టడం మా నాన్న దగ్గర నేర్చుకున్న విద్య.

“నీకు సమాధానం చెప్పడం చేతకాదు, డోర్కాస్‌నైనా చెప్పనీ” అంది ఐవీ. గరిటె నా వైపు తిరిగింది.

అప్పుడే వీధి తలుపు తోసుకుని బెరిల్ వచ్చింది. ఫ్యాక్టరీ మధ్యాహ్నం విరామం, ముప్పావు గంట. పని గౌను మీదే వచ్చేసింది, వేళ్ళకి మైనం అంటుకుని ఉంది. పరిగెత్తి వచ్చినట్టుంది. నేరుగా బల్ల వంక చూసింది. ఒకటికి మూడు అని చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

“మిస్టర్ పెటిఫర్” అంది. పెళ్ళయి ఆరేళ్ళయినా మామగారిని అలాగే పిలుస్తుంది. ఆయన వద్దనలేదు, ఆ పిల్ల మానలేదు. “మీతో ఒక్క మాట.”

“నాకూ నీతో పనుంది” అన్నాడు హ్యూబర్ట్ నిచ్చెన దిగుతూ. “లోపలికి రా.”

గల్లా వెనక మాకో చిన్న గది ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, టీ కెటిల్. నా గూటి వెనక తలుపు అందులోకే తెరుచుకుంటుంది, నేనూ చేతిలో ముద్రతోనే వెళ్ళాను. ఐవీ వాళ్ళ వెనకే వచ్చేసింది. “నా ఇంట్లో నాకు తెలియని రహస్యాలేమిటి?” అని తలుపుకి అడ్డంగా నిలబడింది.

హ్యూబర్ట్ మూడు చీటీలు తీసి బల్ల మీద పరిచాడు. “ఇవి నీవి.”

“నావే.”

ఐవీ వాటిని చదివింది. మళ్ళీ చదివింది. “మాల్కిన్ మీదా? నీ మొగుడు ఓడాలని నువ్వు...” గరిటె పైకి లేచింది. “సిగ్గుందా బెరిల్ నీకు? వాడు పొద్దస్తమానం ఒళ్ళు హూనం చేసుకుని...”

“సిగ్గు సంగతి తర్వాత” అన్నాడు హ్యూబర్ట్. “వాణ్ణి వదిలేసి వెళ్ళిపోతున్నావా? ఆ డబ్బు అందుకేనా?”

బెరిల్ చీటీల మీంచి తలెత్తింది. “మీరు అలా అనుకున్నారా?”

“ఇంకేమనుకోమంటావు?”

“రెండు రోజులు కూర్చుని ఆలోచించి, అదా మీరు కనిపెట్టింది?” ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. “నన్ను అడగొచ్చు కదా. మా ఇల్లు నాలుగు వీధులవతల. వచ్చి, ‘బెరిల్, ఏమిటిది?’ అని ఒక్కసారి అడగొచ్చు కదా.”

“ఇప్పుడు అడుగుతున్నాను.”

“ఇప్పుడు చెప్పలేను. అప్పుడూ చెప్పేదాన్ని కాదు. రోలాండ్ పాప మీద ఒట్టు వేయించుకున్నాడు. నోరు తెరిచి ఎవరికీ చెప్పకూడదని, వాళ్ళమ్మకి, వాళ్ళ నాన్నకి, అత్తకి అసలే చెప్పకూడదని.” నా వైపు చూసింది. “చెప్పనన్నాను. చీటీ రాయనని మాత్రం అనలేదు.”

కెటిల్ కింద మంట నేనే ఆర్పాను. నా చేతికి ఏదో ఒక పని కావాలి.

“రాత మార్చుకోలేదు నేను” అంది బెరిల్. “అడ్డగీతలు రెండింతలు పెద్దవి పెట్టాను. వేరేవాళ్ళ చేత పంపించాను, మీకు అనుమానం రావాలని. నేనే వచ్చి రాస్తే ఏడుపు చీటీ అని నవ్వేసి గుచ్చేస్తారు. ముప్ఫై పౌన్లు. బట్టలు ఉతికే మిషన్ కోసం దాచుకున్నవి. అవి పోయినా ఫరవాలేదు. మాటలు మీరు వినరు గానీ చీటీలు చదువుతారు కదా.”

అప్పటిదాకా ఐవీ చేతిలో పైకెత్తి ఉన్న గరిటె కిందికి దిగింది.

 హ్యూబర్ట్ సొరుగు లాగి ఖాళీ చీటీల కట్ట తీసి, పెన్సిల్ మొన నాలిక మీద తడుపుకున్నాడు. “నువ్వు నోరు తెరవద్దు. నేను రాస్తాను. తప్పయితే చింపెయ్యి.”

మొదటి చీటీ మీద ‘కళ్ళు’ అని రాసి జరిపాడు. బెరిల్ దాన్ని రెండుగా చింపింది.

‘తల.’ చింపింది.

‘గుండె.’ అది కూడా చింపింది. ఐవీ ఊపిరి వదలడం వినిపించింది.

‘చెయ్యి.’

బెరిల్ ఆ చీటీని ముట్టుకోలేదు.

హ్యూబర్ట్ పెన్సిల్ ఆగింది. తర్వాత ‘ఎడమ’ అని రాశాడు. అది చిరిగింది. ఇంకోటి రాశాడు. ‘కుడి.’ బెరిల్ ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, రెండు మడతలు పెట్టి, పందెం కట్టేటప్పుడు ఇచ్చినట్టు నా ముందుకి తోసింది. నేను అలవాటు కొద్దీ ముద్ర వేశాను. వేశాక గానీ ఏం చేశానో తెలియలేదు.

“సెప్టెంబరులో ప్రాక్టీసులో కారు పల్టీ కొట్టినప్పుడు” అన్నాడు హ్యూబర్ట్ మెల్లిగా. “చెయ్యి కమిలింది, అంతే అన్నాడు.”

బెరిల్ తల వంచుకుంది.

నాకు ఆదివారం గుర్తొచ్చింది. పైన టీ తాగేటప్పుడు రోలాండ్ కప్పు ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను చక్కెర గిన్నె వాడి కుడిపక్కకి జరిపితే, వాడు ఎడమచెయ్యి అడ్డంగా చాపి అందుకుని, కుడిచేతిలోకి మార్చుకోబోయిన చెంచా జారి పడితే పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్ద రేసరువి, చెంచా పట్టుకోలేవురా అని వెక్కిరించాను కూడా.

“నేను చేతులు పడిపోయాయా అన్నాను” అంది ఐవీ. ఎవరితోనూ కాదు. “అందరి ముందూ అరిచి మరీ అన్నాను.”

ఆవిడకి రెండో కుర్చీ ఇచ్చాను.

“గేరు మార్చాలంటే ఎడమచెయ్యి స్టీరింగు చక్రం మీంచి తియ్యాలి” అన్నాడు హ్యూబర్ట్. “అప్పుడు చక్రం పట్టుకునేది కుడిచెయ్యి ఒక్కటే. ఒక్కో చుట్టుకి పద్నాలుగుసార్లు. నేను లెక్కపెట్టాను.” మా తమ్ముడు ప్రతి పోటీకీ వెళ్తాడు, దూరంగా మలుపు దగ్గర గుంపులో నిలబడతాడు. కొడుక్కి ఆ సంగతి తెలియదు, తెలియనివ్వడు కూడా. “ఇరవై చుట్లు. హ్యాంగర్ మలుపు దగ్గర గంటకి తొంభై మైళ్ళలో మూడో గేరు నుంచి రెండుకి.”

“నేనేమీ చెప్పలేదు” అంది బెరిల్. “నేను చెప్పలేదని మీరు రేపు ఎవరిముందైనా చెప్పాలి.”

“నువ్వు చెప్పలేదు.”

“మరి చీటీలు చదివారు కదా. చదివి ఏం చేశారు? రేటు మార్చారు!” ఆ పిల్ల ఒక్కసారి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. “నేను రేటు అడిగానా మిస్టర్ పెటిఫర్? పేరు తీసేస్తారనుకున్నాను. పేరు తీస్తే పోటీ నడిపే క్లబ్బు వాళ్ళు ఎందుకని అడుగుతారు, డాక్టరుకి చూపిస్తారు, తను ఆగిపోతాడు, నా నోటి నుంచి ఒక్క మాట రాకుండానే ఆగిపోతాడు. రాత్రుళ్ళు పడుకుని ఇదంతా ఆలోచించాను. మీరేమో సుద్దముక్క తీసుకుని మూడు అని రాసి, మళ్ళీ తన మీదే పందేలు కట్టించుకుంటున్నారు. తన ప్రాణం మీద ఒకటికి మూడు!”

మా ఇంట్లో ఎవరూ హ్యూబర్ట్‌తో అలా మాట్లాడలేదు. ఐవీ అరుస్తుంది గానీ, అది వేరు. వాడు బల్ల మీద చిరిగిపడిన కాగితాలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు. ముఖం మీద ఏ భావం లేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు నాన్న చేత తిట్లు తిన్నప్పుడు కూడా వాడికి అంతే.

“నువ్వు నాకన్నా బాగా ఆలోచించావు” అన్నాడు. అంతకుమించి క్షమాపణ మా తమ్ముడికి రాదు.

కుళాయి దగ్గర గుడ్డ తడిపి పిండుకుని దుకాణంలోకి నడిచాడు. బెరిల్ వెనకాలే వచ్చింది. నేను నా గూట్లోకి వచ్చి కూర్చున్నాను. సిరిల్ టెబ్బట్, మిగతా ఇద్దరూ మేం లోపలికెళ్ళినప్పుడు ఎక్కడున్నారో అక్కడే, పేపర్లు పట్టుకుని నిలబడి ఉన్నారు.

రేటు మారితే ఊరు మాట్లాడుకుంటుంది. పేరే తీసేస్తే క్లబ్బు మాట్లాడుతుంది. రెండేళ్ళ కిందట ఒక గొడవ అయ్యాక వాళ్ళు పెట్టుకున్న నియమం అది. హ్యూబర్ట్ నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

వీధి తలుపు తెరుచుకుంది.

“నిజమేనా అని చూసి పోదామని వచ్చాను” అన్నాడు రోలాండ్.

గ్యారేజీ నుంచి వచ్చాడు, నుదుటి మీద నూనె మరక. కుడిచెయ్యి జేబులో ఉంది. ఇన్నాళ్ళూ అది సోకు అనుకున్నాను.

“ఒకటికి మూడట. గ్యారేజీలో ముగ్గురు చెప్పారు. నమ్మలేదు నేను. మా నాన్న అలా చెయ్యడురా అన్నాను.” బల్ల చూశాడు. “చేశావు.”

హ్యూబర్ట్ తడిగుడ్డ మరో చేతికి మార్చుకున్నాడు.

“సోమవారం రాశావు కదా. సరికి సరి అని. నేను వచ్చి చూశాను, అత్తనడుగు. ఇంటికెళ్ళి బెరిల్‌తో చెప్పాను, ఇక ఓడినా ఫరవాలేదే అన్నాను. ఏమే, అన్నానా లేదా?” బెరిల్ వైపు తిరిగాడు. అప్పుడు గానీ ఆ పిల్ల ఈ వేళప్పుడు అక్కడ ఉందన్న సంగతి వాడికి తట్టలేదు. “నువ్విక్కడేం చేస్తున్నావు?”

బెరిల్ మైనం అంటిన వేళ్ళు గౌనుకి తుడుచుకుంది.

“నేను పిలిపించాను” అన్నాడు హ్యూబర్ట్ చప్పున. “మీ అమ్మ భోజనానికి రమ్మంది.”

ఐవీ గరిటె పట్టుకుని గుమ్మంలో ఉంది. జీవితంలో మొదటిసారి మొగుడి అబద్ధానికి తలూపింది.

“మరి ఆ గుడ్డెందుకు నాన్నా?”

హ్యూబర్ట్ నిచ్చెన ఎక్కాడు. తడిగుడ్డతో, ఎడమ నుంచి కుడికి, ఒకే ఒక్కసారి తుడిచాడు. ముందు రోలాండ్ పోయింది, తర్వాత పెటిఫర్ పోయింది, తర్వాత ఆ మూడు. నల్లటి తడిచార మిగిలింది. సిరిల్ టెబ్బట్ పేపరు కింద పడేసి వీధిలోకి నడిచాడు. ఆ ముసలాడు అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. మిగతా ఇద్దరూ వాడి వెనకే పోయారు.

“ఎవరు చెప్పారు?” అన్నాడు రోలాండ్. గొంతు బాగా కిందికి దిగింది. “నీకెవరో ఏదో చెప్పారు. ఎవరు?”

వాడి చూపు తండ్రి మీంచి తల్లి మీదికి, తల్లి మీంచి బెరిల్ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఇంకో క్షణం ఆగితే వాడికి అంతా అర్థమైపోయేది.

“ఎవరూ చెప్పలేదు” అన్నాడు హ్యూబర్ట్. “నీ వల్ల కాదని నాకే అనిపించింది.”

“ఏమిటీ?”

“గెలవలేవు నువ్వు. సోమవారం ఏదో అభిమానం కొద్దీ రాశాను, పొరపాటు. మూడు కూడా ఎక్కువే. ఓడిపోయేవాడి పేరు పెట్టి జనం డబ్బు తీసుకోవడం నాకిష్టం లేదు.”

మా తమ్ముణ్ణి అరవై రెండేళ్ళుగా ఎరుగుదును. వాడు అబద్ధాలాడతాడు, కానీ ఇంత ఖరీదైనది ఎప్పుడూ ఆడలేదు.

“నాన్నా” అంది బెరిల్. ఆయన్ని ఆ పిల్ల అలా పిలవడం అదే మొదటిసారి. చాలా మెల్లిగా అంది. నాకొక్కదానికే వినబడింది, హ్యూబర్ట్‌కి కూడా వినబడిందేమో, గుడ్డ పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

రోలాండ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. “పదకొండేళ్ళు. ఏ ఒక్క ఏడూ నువ్వు రావు. వచ్చి చూడవు. ఇక్కడ కూర్చుని అంకెలు వేస్తావు. సరే నాన్నా. శనివారం నేను కారెక్కుతాను. నీ బల్ల మీద పేరున్నా లేకపోయినా కారు నడుస్తుంది.”

“ఎక్కకురా” అంది ఐవీ. నోరు జారింది, వెంటనే గరిటె నోటికి అడ్డం పెట్టుకుంది.

“నువ్వూనా అమ్మా?”

నా పక్కన టెలిఫోను మోగింది.

ఎవరూ కదల్లేదు. అయిదోసారి మోగినప్పుడు హ్యూబర్ట్ నిచ్చెన దిగి వచ్చి అందుకున్నాడు. గొట్టంలోంచి గొంతు ఎంత గట్టిగా వస్తోందంటే గది అంతటికీ వినబడుతోంది. క్లబ్బు కార్యదర్శి హార్బాటిల్. సిరిల్ అప్పుడే అక్కడికి చేరాడన్నమాట.

“పెటిఫర్? మీ అబ్బాయి పేరు తీసేశారట. కారణం నేను రాసుకోవాలి. మామూలు కారణమైతే చెప్పండి, ఇక్కడితో వదిలేస్తాను. లేకపోతే రేపు పొద్దున్న డాక్టరుని పంపాలి. ఏమంటారు?”

హ్యూబర్ట్ నోరు తెరిచాడు. రోలాండ్ వాడి వంకే చూస్తున్నాడు. నిజం చెబితే, రోలాండ్ అడిగే మొదటి మాట ‘నీకెలా తెలుసు’ అనే. ఆ ఇంట్లో అది తెలిసిన మనిషి ఒక్కతే. పాప మీద వేసిన ఒట్టు ఆ ఒక్కదాని మెడకి చుట్టుకుంటుంది. చెప్పకపోతే, శనివారం ఇరవై చుట్లు, చుట్టుకి పద్నాలుగుసార్లు.

“వింటున్నారా పెటిఫర్?”

బెరిల్ గౌను జేబులో రెండు పిడికిళ్ళూ బిగించి నిలబడింది. ఐవీ కళ్ళు మూసుకుంది. మా తమ్ముడు టెలిఫోను గొట్టాన్ని చెవి మీంచి తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

రోలాండ్‌కి అంకెలు నేర్పింది నేను. నాలుగేళ్ళవాణ్ణి పలక ముందు కూచోబెట్టి, వాడి కుడిచేతి వేళ్ళ చుట్టూ నా వేళ్ళు చుట్టి, సుద్దముక్క పట్టించాను. ఇప్పుడు నేను చెయ్యబోయేదానికి వాడు నన్ను బతికినంత కాలం క్షమించకపోవచ్చు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. 

అయినా ఆదివారం చెంచా జారిపడింది నా కళ్ళముందే. ఎవరి నోటి నుంచీ విన్నది కాదు, ఏ చీటీ మీదా చదివింది కాదు. పైగా రోలాండ్ బెరిల్ చేత ఒట్టు వేయించుకున్నాడు గానీ, నా చేత ఒట్టు వేయించుకోవాలని ఎవరికీ తోచలేదు.

హ్యూబర్ట్ చేతిలోంచి ఫోను తీసుకున్నాను.

“మిస్టర్ హార్బాటిల్, నేను డోర్కాస్ పెటిఫర్‌ని” అన్నాను, రోలాండ్ కళ్ళలోకి చూస్తూ. “కలం తీసుకోండి. నేను చూసింది చెబుతాను.”